ఇంటిలో నిలిచిన ఊరగాయ, ఇల్లు దాటిన పానీయం: విశాఖ మన్యం, కొరియా ఆహారచరిత్రల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కొరియా వంటకాలు నేడు విశాఖపట్నం వంటి నగరాల్లో యువతరానికి పరిచితమయ్యాయి. కిమ్చి, గోచుజాంగ్, మక్‌గొల్లి వంటి పదార్థాలను ఆ దేశం తన సంప్రదాయంగా ప్రపంచానికి చూపుతున్నది. అయితే ఆ సంప్రదాయం నిరంతరాయంగా వచ్చింది కాదు. ఊరగాయ ఇంట్లోనే నిలిచింది. ఇంటి పానీయం మాత్రం పన్నుల చట్టం వల్ల ఇల్లు దాటిపోయి, దశాబ్దాల తరువాత వారసత్వమనే పేరుతో తిరిగి వచ్చింది. విశాఖ మన్యంలో కల్లు, ధాన్యపు పానీయాల చరిత్ర కూడా ఇలాగే మొదలైంది, కాని ఇలా ముగియలేదు. ఈ రెండు చరిత్రలను పక్కపక్కన ఉంచి, ఆహారసంప్రదాయం నిలవడంలో రాజ్యం పాత్ర ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొరియా ఆహారం, కిమ్చి, మక్‌గొల్లి, సోజు, ఆబ్కారీ, చిగురుపన్ను, విశాఖ మన్యం, లందా, జీలుగు కల్లు.

1. ఉపోద్ఘాతం

విశాఖకు కొరియాతో పరిచయం భోజనం బల్ల దగ్గర మొదలు కాలేదు, ఓడరేవులో మొదలైంది. 1933లో వాణిజ్య నౌకలకు తెరుచుకున్న విశాఖ రేవు నుంచి బైలదిల్లా ఇనుపఖనిజం తూర్పు ఆసియా దేశాలకు ఎగుమతి అవుతూ వచ్చింది. జపాన్ ఉక్కు కర్మాగారాలతో పాటు 1968లో స్థాపితమైన దక్షిణ కొరియా ఉక్కు సంస్థ పోస్కో కూడా ఆ ఖనిజాన్ని కొన్నది. 1997లో నగరంలోని హిందుస్థాన్ పాలిమర్స్ కొరియా యాజమాన్యం కిందికి వెళ్ళి ఎల్‌జీ పాలిమర్స్ అయింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆ కర్మాగారం నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం పరిసరాల్లో ప్రాణాలను బలిగొన్నది. విశాఖవాసుల జ్ఞాపకంలో కొరియా పేరు ఈ విషాదంతో కూడా ముడిపడి ఉంది.

ఆహారం ద్వారా పరిచయం వేరే దారిన వచ్చింది. 2017లో కియా సంస్థతో ఒప్పందం కుదిరి, 2019లో పెనుకొండ దగ్గర కార్ల తయారీ మొదలైన తరువాత రాయలసీమలో కొరియన్ భోజనశాలలు వెలిశాయి. దాదాపు అదే కాలంలో కొరియా ధారావాహికలు తెలుగు ఇళ్ళలోకి చేరాయి. తెరమీద పాత్రలు తినే రామ్యన్, తాగే సోజు ఇక్కడి యువతలో కుతూహలం రేపాయి. ఈ కుతూహలం సాధారణంగా రుచి దగ్గర ఆగిపోతుంది. ఆ రుచి ఎలా నిలిచింది, దాన్ని ఎవరు నిలిపారు అన్న ప్రశ్నలు చరిత్రవి. అవి మన ఆహారచరిత్రకు కూడా అవసరమైన ప్రశ్నలే.

2. సామ్యం వేరు, బంధుత్వం వేరు

తులనకు ముందు ఒక జాగ్రత్త అవసరం. కొరియా, ద్రావిడ భాషలకు బంధుత్వం ఉన్నదని హోమర్ హల్బర్ట్ 1905లో ఒక తులనాత్మక వ్యాకరణమే రాశాడు. భాషాశాస్త్రం ఆ వాదాన్ని స్థిరపరచలేదు. అయినా ‘అమ్మ’, ‘అప్ప’ వంటి మాటల పోలికను చూపి రెండు జాతులు ఒకటేనని చెప్పే ధోరణి నేటికీ కనిపిస్తుంది. ఆహారం విషయంలో ఈ ప్రలోభం ఇంకా ఎక్కువ. అక్కడ కారం ఉంది, ఇక్కడా కారం ఉంది. అక్కడ జాడీ ఉంది, ఇక్కడా జాడీ ఉంది. అంతమాత్రాన మూలం ఒకటి కానక్కరలేదు. వరి పండించే రెండు సమాజాలు ఒకే రకమైన సమస్యలకు తమతమ వాతావరణాన్ని బట్టి వెతుక్కున్న పరిష్కారాలుగా వీటిని చూడడం సమంజసం. ఈ వ్యాసంలో పోలిక బంధుత్వాన్ని నిరూపించడానికి కాదు, భేదాన్ని గుర్తించడానికి.

3. మిరప, ఉప్పు, జాడీ

కొరియా వంటకు నేడు ప్రాణంగా కనిపించే మిరప అక్కడి స్వదేశీ పంట కాదు, మనదీ కాదు. అమెరికా ఖండం నుంచి బయలుదేరి, పోర్చుగీసు వర్తకుల ద్వారా పదహారో శతాబ్దంలో ఆసియా తీరాలకు చేరిన మొక్క అది. తెలుగువారు అప్పటివరకు కారానికి ప్రధానంగా మిరియాన్ని వాడారు. కొరియాకు మిరప పదహారో శతాబ్దం చివర, జపాను దండయాత్రల కాలంలో చేరిందని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. 1614లో యి సు-గ్వాంగ్ సంకలనం చేసిన ‘జిబొంగ్ యుసొల్’ దీన్ని జపాను నుంచి వచ్చిన ఘాటైన దినుసుగా, విషపూరితమైనదిగా పేర్కొన్నది. మద్యశాలలవారు దాన్ని సోజులో కలిపేవారని, అది తాగి మరణించినవారున్నారని కూడా ఆ గ్రంథం చెబుతుంది. అంటే తొలి ప్రస్తావనలలోనే కొరియా మిరప ఊరగాయతో కాక మద్యంతో కలిసి కనిపిస్తుంది. కిమ్చిలో మిరప వాడకం స్పష్టంగా నమోదైనది 1766 నాటి గ్రంథంలో. పదహారో శతాబ్దంలో వచ్చిన దినుసు రెండు చోట్లా అనాది సంప్రదాయంగా స్థిరపడింది. సంప్రదాయమంటే ప్రాచీనతే కాదు, ఇంటింటా నిత్యమూ జరిగే ఆచరణ కూడా అని ఇది తెలుపుతున్నది.

ఊరవేసే పద్ధతిలో మాత్రం రెండు దారులు వేరయ్యాయి. కిమ్చిలో ఉప్పు పరిమితంగా ఉంటుంది. క్యాబేజీ ఆకుల మీది బ్యాక్టీరియా చల్లని వాతావరణంలో నెమ్మదిగా పనిచేసి లాక్టిక్ ఆమ్లాన్ని పుట్టిస్తుంది. అందుకే కిమ్చి రుచి వారం వారం మారుతుంది. ఆవకాయలో మామిడి పులుపు ముందే ఉంది. ఎక్కువ ఉప్పు, ఆవపిండి, నూనె కలిసి సూక్ష్మజీవులను అదుపు చేస్తాయి. వేసవి ఎండలో ఊరగాయ పాడు కాకుండా ఉండాలంటే అదే మార్గం. కిమ్చి పులియడం మీద, ఆవకాయ పులియనివ్వకపోవడం మీద ఆధారపడతాయి. పులుపు కోసం మనం గోంగూరను, చింతపండును, మామిడిని ఆశ్రయిస్తే, కొరియావారు కాలాన్ని ఆశ్రయించారు.

తీరప్రాంతపు చేపల విషయం కూడా ఇలాంటిదే. విశాఖ తీరంలో నెత్తళ్ళను, రొయ్యపొట్టును ఇసుక మీద ఎండబెడతారు. కొరియావారు నెత్తళ్ళను ఎండబెట్టడంతో పాటు, ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి ‘జొత్‌కల్’ చేస్తారు. చిన్న రొయ్యలను కూడా అలాగే మాగబెడతారు. కిమ్చికి లోతైన రుచినిచ్చేది ఇదే. గోంగూరలో ఎండురొయ్యలు వేసుకుని తినే ఉత్తరాంధ్ర నాలుకకు కిమ్చిలోని ఆ సముద్రపు వాసన వెంటనే తెలుస్తుంది.

శీతకాలానికి ముందు బంధువులు, ఇరుగుపొరుగు స్త్రీలు కలిసి కిమ్చి పెట్టుకునే ‘కిమ్‌జాంగ్’ను యునెస్కో 2013లో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఉత్తర కొరియా కిమ్చి తయారీ 2015లో, సోయా ముద్దలతో ‘జాంగ్’ తయారుచేసే పరిజ్ఞానం 2024లో ఆ జాబితాలో చేరాయి. మన ఇళ్ళలో వేసవిలో ముక్కలు కొట్టించి, కారాలు దంచుకుని, జాడీలకు వాసెన కట్టే పని కూడా ఇలాంటి సామూహిక స్త్రీశ్రమే. ఊరగాయకు కావలసిన ఉప్పు మీద మద్రాసు ప్రభుత్వం 1805లోనే గుత్తాధిపత్యం నెలకొల్పింది. ధర పెరిగింది, పేదవాడి జాడీలో ఉప్పు భారమైంది. అయినా ఊరగాయ పెట్టడం నేరం కాలేదు. లైసెన్సు అడిగినవారు లేరు. అందుకే ఆ విద్య తల్లి నుంచి కూతురికి ఆటంకం లేకుండా అందింది.

4. ధాన్యం పానీయమయ్యే తీరు

కొరియా ఇంటి పానీయాలలో మత్తు లేనివి కూడా ముఖ్యమైనవే. మొలకెత్తించిన బార్లీ నీటిలో అన్నాన్ని నానబెట్టి తీపి పుట్టించే ‘షిఖ్యే’, అల్లం, దాల్చినచెక్క కషాయంలో ఎండిన పెర్సిమన్ పండు వేసే ‘సుజొంగ్‌గ్వా’ పండుగ భోజనం తరువాత ఇస్తారు. రెండోది మన శొంఠి కషాయాన్ని గుర్తుచేస్తుంది.

మత్తు పానీయాలకు మూలం ‘నురుక్’. గోధుమలను ముతకగా విసిరి, తడిపి, బిళ్ళగా తొక్కి ఆరబెడితే దాని మీద బూజు, ఈస్టు పెరుగుతాయి. ఆవిరి మీద ఉడికించిన అన్నంలో నురుక్ పొడి, నీరు కలిపి ‘ఒంగి’ అనే మట్టి జాడీలో ఉంచుతారు. బూజు పిండిపదార్థాన్ని చక్కెరగా, ఈస్టు ఆ చక్కెరను మద్యంగా మారుస్తాయి. తేటను జాగ్రత్తగా తీస్తే అది ‘చొంగ్‌జు’, పెద్దలకు, పితృదేవతలకు. మడ్డితో కలిపి వడకట్టి నీరు చేర్చితే అది ‘మక్‌గొల్లి’, పొలంలో పనిచేసేవారికి. ఒకే జాడీలో పైన ఒక తరగతి పానీయం, అడుగున మరో తరగతి పానీయం! బియ్యపు కడుగు రంగులో, పులుపు తీపి కలిసి, నాలుక మీద సన్నగా చిమచిమలాడే మక్‌గొల్లి తొలి గుక్క తరవాణి తాగి పెరిగినవారికి పూర్తిగా పరాయిది అనిపించదు. అయితే తరవాణిలో అన్నం, నీరు పులిసి పులుపుగా మిగులుతాయి. నురుక్ లేనందున అది మద్యమయ్యే దారి పట్టదు.

ఈ విద్య ఎవరిదో చెప్పే గొప్ప ఆధారం ఉంది. 1670 ప్రాంతంలో చాంగ్ గ్యే-హ్యాంగ్ అనే గృహిణి తన కుమార్తెల కోసం కొరియన్ లిపిలో ‘ఉమ్‌సిక్ దిమిబాంగ్’ అనే వంటల గ్రంథం రాసింది. అందులోని 146 విధానాలలో 51 మద్యాలకు సంబంధించినవి. అంటే మూడో వంతుకు పైగా. ఆ కాలంలో మద్యం చేయడం వంటింటి పనిలో భాగమని, ఊరగాయ, పానీయం ఒకే చేతి నుంచి వచ్చేవని ఈ సంఖ్య స్పష్టం చేస్తుంది.

విశాఖ మన్యంలో పానీయాలు రెండు విధాలు. కొరాపుట్, అరకు సరిహద్దు కొండల్లో చోడి, బియ్యం వంటి ధాన్యాన్ని పులియబెట్టి చేసే ‘లందా’ మక్‌గొల్లికి దగ్గరిది. జీలుగు, తాటి, ఈత చెట్ల నుంచి దించే కల్లు రెండో విధం. కల్లులో చక్కెర చెట్టులోనే సిద్ధంగా ఉంటుంది. గాలిలోని ఈస్టు గంటల్లోనే దాన్ని పులియబెడుతుంది. దీనికి వంటింటి ఏర్పాటు అవసరం లేదు. చెట్టు ఉంటే చాలు. ఈ భేదం పన్నుల చరిత్రలో కీలకమవుతుంది. చెట్టును లెక్కపెట్టవచ్చు. జాడీని పట్టుకోవాలంటే ఇంట్లోకి చొరబడాలి.

5. సోజు, అరక్: ఒకే మాట ప్రయాణం

బట్టీ పెట్టే విద్య కొరియాకు పదమూడో శతాబ్దంలో మంగోలుల వెంట వచ్చింది. వారి సైనిక స్థావరాలతో సంబంధమున్న ఆన్‌డొంగ్, జెజు ప్రాంతాలు నేటికీ సోజుకు ప్రసిద్ధి. పాత రాజధాని కేసొంగ్‌లో సోజును ‘అరక్‌జు’ అనేవారు. ఇది చెమట అనే అర్థమున్న అరబ్బీ ‘అరక్’ నుంచి వచ్చిన మాట. బట్టీ మూతికి పట్టి బొట్టుబొట్టుగా జారే ఆవిరికి ఆ పేరు తగినదే. తెలుగువారి సారాను ఆంగ్లేయ ప్రభుత్వ పత్రాలు ఏ మాటతో వ్యవహరించాయో దాని మూలమూ ఇదే. బంధుత్వం లేని రెండు దేశాలకు ఒక వృత్తివిద్య, దాని పేరు మూడో చోటు నుంచి చేరడం ఆహారచరిత్రలో సహజం.

6. లైసెన్సు లేని జాడీ: వలస పాలనలో కొరియా

కొరియా మీద జపాను పట్టు బిగిసిన 1909లో మద్యపు పన్ను చట్టం వచ్చింది. 1910లో దేశం పూర్తిగా వలస అయింది. 1916 నాటి పన్ను ఉత్తర్వు నిబంధనలను కఠినం చేసింది. ఇంటి వాడకానికి మద్యం చేసుకోవాలన్నా లైసెన్సు తీసుకోవాలి. ఆ సమయంలో అలాంటి లైసెన్సులు మూడు లక్షలకు పైగా ఉండేవి. ఇంటి తయారీ మీద భారం మోపి, పెద్ద కర్మాగారాలను ప్రోత్సహించడంతో ఆ సంఖ్య వేగంగా పడిపోయింది. 1934లో ఇంటి లైసెన్సు అనే పద్ధతినే రద్దు చేశారు. మద్యపు పన్ను వలస ప్రభుత్వ ఖజానాకు ప్రధాన ఆదాయమైంది. పండుగకు, పితృకార్యానికి జాడీ పెట్టుకున్న గృహిణి చట్టం దృష్టిలో దొంగసరుకు చేసిన నేరస్థురాలైంది. ఒక్కో ఇంటికి ఒక్కో రుచిగా ఉన్న పానీయాలలో అనేకం ఒక తరంలోనే అంతరించాయి. కిమ్చి జాడీ పెరట్లో బహిరంగంగా ఉండగా, దాని పక్కనే ఉండవలసిన పానీయపు జాడీ గడ్డివాము కిందికి చేరింది.

7. చిగురుపన్ను: విశాఖ, గోదావరి మన్యం

ఇదే పరిణామం మన మన్యంలో అంతకు మూడు దశాబ్దాల ముందే తిరుగుబాటుకు దారితీసింది. రంప మన్సబుదారు కొండవారి మీద వేసిన అక్రమ పన్నులలో కల్లు మీద వసూలు చేసిన ‘చిగురుపన్ను’ ఒకటి. 1870లలో ప్రభుత్వం ఇంటి వాడకానికి కల్లు దించడాన్ని నిషేధించి, ఆ ఆదాయాన్ని కాంట్రాక్టర్లకు కౌలుకిచ్చింది. కొండదొరలకు, కొండరెడ్లకు ఎండాకాలంలో జీలుగు కల్లు విలాసం కాదు, ఆహారంలో భాగం. తమ చెట్టు నుంచి తాము దించుకున్నదానికి మైదానపు గుత్తేదారుకు సొమ్ము చెల్లించవలసి రావడం వారికి అర్థం కాని న్యాయం. 1879 మార్చిలో రంపలో మొదలైన తిరుగుబాటు విశాఖపట్నం జిల్లాలోని గూడెం కొండలకు, భద్రాచలం వైపు రేకపల్లికి వ్యాపించింది. ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్నదొర వంటి నాయకులు 1880 నాటికి ప్రాణాలు కోల్పోయారు. పోడు, అటవీ నిబంధనలు, పోలీసుల దోపిడి, ముఠాదారుల అసంతృప్తి వంటి ఇతర కారణాలున్నా, కల్లు మీద పన్ను ఈ తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ముఖ్యమైనది.

1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం రాష్ట్రమంతటా మద్యాన్ని ప్రభుత్వపు అదుపులోకి తెచ్చింది. చెట్లకు గుర్తులు వేసి, చెట్టుకింతని పన్ను వసూలు చేసే పద్ధతి అమలైంది. కొరియాలో రాజ్యం జాడీలను వెతికింది. ఇక్కడ చెట్లను లెక్కించింది. ఫలితం ఒకటే: తనకోసం తాను చేసుకునే హక్కు పోయి, కొనుక్కోవలసిన అవసరం మిగిలింది. 1922లో ఇదే కొండల్లో పితూరీ లేవదీసిన అల్లూరి సీతారామరాజు తొలిదశలో తాగుడు మానమని ప్రబోధించాడు. ఒక తరంలో కల్లు హక్కు కోసం పోరాడినవారే మరో తరంలో మద్యపాన విసర్జనను విన్నారు. ఈ రెండింటిలో వైరుధ్యం లేదు. మద్యం ఇంటిది కాక ప్రభుత్వానిది అయిన తరువాత దాన్ని వదలడం కూడా ప్రతిఘటన రూపమే.

8. స్వాతంత్ర్యం తరువాత: బియ్యం, సీసా

1945లో వలస పాలన ముగిసినా కొరియాలో ఇంటి తయారీ నేరంగానే కొనసాగింది. ఆహారధాన్యాల కొరత కారణంగా 1960ల మధ్యలో ప్రభుత్వం మద్యానికి బియ్యం వాడరాదని ఆంక్షలు విధించింది. మక్‌గొల్లి గోధుమపిండితో చేసే పానీయమైంది. ధాన్యపు బట్టీ సోజు స్థానంలో చిలగడదుంప, కర్రపెండలం వంటి వాటి ఆల్కహాలుకు నీరు, తీపి చేర్చిన చౌక సోజు వచ్చింది. నేడు తెరమీద కనిపించే ఆకుపచ్చ సీసా ఈ కొరత సంతానమే. ప్రాచీన సంప్రదాయం కాదు.

కొరతను తగ్గించిన వరిలో తెలుగు నేలకు కూడా తెలిసిన పేరుంది. 1970లలో కొరియాను స్వయంసమృద్ధం చేసిన ‘తొంగిల్’ వరి తల్లిదండ్రులలో ఐఆర్-8 ఒకటి. అదే ఐఆర్-8ను 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు పండించి, దాని వ్యాప్తికి దోహదం చేశారు. ఒకే విత్తనం రెండు దేశాల గాదెలు నింపింది. కొరియాలో ఆ మిగులు 1977లో బియ్యపు మక్‌గొల్లికి తాత్కాలికంగా తిరిగి అనుమతి తెచ్చింది. ఇంట్లో మద్యం చేసుకునే హక్కు మాత్రం 1995లో గాని తిరిగి రాలేదు.

అదే 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. దీనికి నేపథ్యం ఇంటి కల్లు కాదు, ప్రభుత్వ సారా. 1980లలో ‘వారుణి వాహిని’ పేరుతో ప్యాకెట్లలో సారా పల్లెపల్లెకు చేరింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు దానికి ఎదురు తిరిగారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ ఉద్యమంతో నిలిచిపోయింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. మద్యం విషయంలో తెలుగు స్త్రీ అనుభవం ఇది. సంప్రదాయ పానీయాల గురించి రాసేవారు ఈ అనుభవాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు. అయితే చాంగ్ గ్యే-హ్యాంగ్ జాడీ, దూబగుంట ప్యాకెట్ ఒకటి కావు. మొదటిది స్త్రీ చేతిలో పుట్టి ఇంటి అవసరానికి పరిమితమైనది. రెండోది ఖజానా కోసం పుట్టి కూలిడబ్బును ఇంటికి చేరనివ్వనిది. ఈ భేదాన్ని చెరిపివేసినది పన్నుల చరిత్రే.

9. వారసత్వంగా తిరిగిరాక

1988 సియోల్ ఒలింపిక్స్‌కు సిద్ధమవుతున్న కాలంలో విదేశీయులకు చూపడానికి తమదైన పానీయం ఏది అన్న ప్రశ్న కొరియా ముందు నిలిచింది. 1986లో మూడు పానీయాలను జాతీయ అమూర్త వారసత్వంగా ప్రకటించారు. జొన్న, కొర్ర వంటి ధాన్యాలతో చేసి, పండు వేయకుండానే అడవి బేరిపండు పరిమళమిచ్చే మున్‌బేజు, అజేలియా పూరేకులతో చేసే మ్యొన్‌చొన్ దుగ్యొన్‌జు, గ్యొంగ్‌జు నగరానికి చెందిన బొప్‌జు అవి. 2021లో మక్‌గొల్లి తయారీ, పంచుకోవడం కూడా ఆ జాబితాలో చేరింది. పౌరుల ప్రతిపాదన ద్వారా అలా చేరిన మొదటిది అదే. దాన్ని కాపాడే బాధ్యుడిగా ఏ ఒక్క వ్యక్తినీ గుర్తించలేదు. అది దేశమంతటి ఆచరణ అన్న భావన దాని వెనుక ఉంది. నేరంగా ముద్రపడిన జాడీ అలా గౌరవం పొందింది. కాని మధ్యలో నశించిన ఇంటి రుచులను ఏ ప్రకటనా తిరిగి తేలేదు. గ్రంథాలలో నమోదైనవాటిని మాత్రమే పునర్నిర్మించగలిగారు.

భారతదేశంలోనూ ఇలాంటి మార్పు కొన్నిచోట్ల కనిపిస్తుంది. గోవా జీడిమామిడి ఫెనీకి 2009లో, అస్సాంలో దిమసా ప్రజల బియ్యపు పానీయం జుడిమాకు 2021లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన్యంలో అటువంటి గుర్తింపు 2019లో అరకు కాఫీకి వచ్చింది. బయటి నుంచి వచ్చిన పంటకు గుర్తింపు దక్కడం సంతోషమే. ఆ కొండల సొంత పానీయాలైన జీలుగు కల్లు, లందా మాత్రం నాటుసారాతో కలిపి ఒకే గాటన కట్టబడి ఉన్నాయి. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకు కల్పించాలని నిర్దేశించింది. చిగురుపన్ను నాడు కొండవారు కోల్పోయిన నిర్ణయాధికారాన్ని, తాగడమైనా మానడమైనా తామే నిర్ణయించుకునే అధికారాన్ని, ఆ నిబంధన సూత్రప్రాయంగా వారికి తిరిగి ఇస్తున్నది.

10. ఉపసంహారం

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. ఊరగాయ, పానీయం రెండూ ఒకే ఇంటి విద్యలో భాగాలు. చట్టం జోక్యం చేసుకోని ఊరగాయ నిరంతర సంప్రదాయంగా నిలిచింది. చట్టం జోక్యం చేసుకున్న పానీయం రెండు దేశాలలోనూ ఇంటి నుంచి, స్త్రీల చేతి నుంచి జారిపోయింది. కొరియాలో దాని పునరుద్ధరణ సాధ్యం కావడానికి ఆర్థిక మిగులు, రాజ్యపు సంకల్పంతో పాటు, పదిహేడో శతాబ్దపు గృహిణి రాసి ఉంచిన గ్రంథం వంటి ఆధారాలు కారణం. మన్యం పానీయాలకు అలాంటి గ్రంథం లేదు. లందా ఎలా పులియబెడతారు, ఏ ఋతువులో ఏ జీలుగు చెట్టు గీస్తారు, ఏ పండుగలో ఎవరికి ముందు పోస్తారు అన్న విషయాలు వృద్ధుల జ్ఞాపకంలోనే ఉన్నాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఆ కొండలు ఒక పూట ప్రయాణం. తాగుడును ప్రోత్సహించడం, తాగుడు చరిత్రను నమోదు చేయడం ఒకటి కావు. కొరియన్ భోజనశాలలో కిమ్చిని మెచ్చుకునే పరిశోధక విద్యార్థి అదే శ్రద్ధతో పాడేరు సంతలోని ఒక అవ్వ మాటను రాసుకుంటే, మన ‘దిమిబాంగ్’కు తొలి పుట సిద్ధమవుతుంది.